పురిటింటి వెనక పడవ

కాన్పుల వార్డు గుమ్మంలోనే గంగాధరాన్ని ఆపేసింది తెల్లచీర నర్సమ్మ.

"లోపలికి పోవద్దు. ఇప్పుడిది జ్వరాల వార్డు."

"మరి కాన్పులు యాడ?"

"ఇళ్ళల్లో."

గంగాధరం వెనక్కి చూశాడు. నిండు నెలల చెల్లెలు చెంచమ్మ ఒంటెద్దు బండిలో ఒరిగి కూర్చుని ఉంది. బకింగ్‌హాం కాలువ మీద నాలుగు మైళ్ళు తన పడవలో, ఆపైన బండిలో తీసుకొచ్చాడు.

యాభై ఏడు జూన్ అది. మద్రాసులో దిగిన ఫ్లూ జ్వరం నెల తిరక్కముందే నెల్లూరు తీరమంతా పాకింది. మంచాలు కావలసివచ్చినప్పుడు పెద్ద డాక్టరు కంటికి మొదట ఆనినవి ఆడవాళ్ళ మంచాలే. పన్నెండూ ఒక్క పూటలో ఖాళీ చేయించాడు. ఆ నెలలో ఇద్దరు దారిలోనే కని, దారిలోనే పోయారు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

"మీ పేరేంది?" అన్నాడు గంగాధరం.

"సామ్రాజ్యం."

"పేరు చూస్తే అంత. ఒక్క మంచం ఇయ్యలేకపోయినారే."

ఆమెకు కోపం రాలేదు. "మంచం ఉండాదయ్యా. పక్క మంచంలో దగ్గేవాడు గూడా ఉండాడు. నీ చెల్లెల్ని ఆడ పడుకోబెట్టమంటావా?"

గంగాధరం బండి వైపు తిరిగాడు.

"నొప్పులు మొదలైతే పడవేసుకోని రా. నేనే వస్తా."

వస్తుందని అతను నమ్మలేదు.

వారంలోపే ఒక పొద్దున నొప్పులొచ్చాయి. గంగాధరం వెళ్ళేసరికి సామ్రాజ్యం కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని ఉంది.

"నాకూ తగులుకుంది. ఇంకో నర్సు నిన్ననే పడింది."

"రానని చెప్పడానికి ఇంత చుట్టుదారి ఎందుకు?"

"రానన్నానా? లోపలికి రానంటా ఉండా. పడవ మీ ఇంటి వెనకే గదా కట్టేది. అందులో కూర్చోని చెప్తా. చేసేవాళ్ళుండారా?"

"మంత్రసాని ఆదిశేషమ్మ ఉండాది."

"చెవులు బాగా వినబడతాయా?"

"నోరింకా బాగా వినబడుద్ది."

గుడ్డ అడ్డమున్నా ఆమె నవ్విందని కళ్ళు చెప్పాయి. ఆ కళ్ళనే చూస్తూ దారిలో గంగాధరం పడవ తోసే గెడను రెండుసార్లు జారవిడిచాడు. ఆమె కొడవలూరు రైతుబిడ్డ అనీ, ఈత రాదనీ అప్పుడే తెలిసింది.

"ఈత రాకుండానే పడవెక్కినారా?"

"నువ్వుండావు గదా."

ఇంటి వెనక గూటానికి పడవ కట్టాడు. తాటాకు తడిక లోపల ఆదిశేషమ్మ, బయట పడవలో సామ్రాజ్యం.

"కత్తి ఉడకబెట్టినావా అవ్వా?"

"ముప్పై ఏళ్ళుగా బొడ్లు కోస్తా ఉండా. నా కత్తికి జ్వరమేంది?"

"ఉడకబెట్టు."

"పెడతా ఉండా లే. అరవబాక."

కాన్పు కష్టమైతే ఇంట్లో ముడులన్నీ విప్పడం ఆ పల్లె ఆడవాళ్ళ ఆనవాయితీ. ముడి విడితే బిడ్డ సులువుగా దిగుతుందని నమ్మకం. గంగాధరం తల్లి నాగులమ్మ కూతురి జడ విప్పింది. ఉట్టి తాడు విప్పింది. గంపల తాళ్ళు విప్పింది. చివరికి పెరట్లోకి వచ్చి, జ్వరంతో కళ్ళు మూసుకున్న సామ్రాజ్యం గమనించేలోపే పడవ తాడు కూడా విప్పేసింది.

లోపల బిడ్డ ఏడ్చింది. ఆ వెంటనే ఆదిశేషమ్మ గొంతు మారింది.

"మాయ పడలేదు. నెత్తురు ఆగట్లేదు. నర్సమ్మనడగండి."

ముందు వాకిట్లో ఉన్న గంగాధరం పెరట్లోకి పరుగెత్తాడు. దక్షిణపు గాలికి పడవ ఆస్పత్రి వైపు యాభై గజాలు పోయి ఉంది. అతను నీళ్ళలోకి దిగబోయాడు.

"నా కోసం రాబాక," సామ్రాజ్యం దగ్గుతూనే అరిచింది. "బొడ్డు పట్టి లాగొద్దని చెప్పు. బిడ్డను రొమ్ముకు పెట్టమను. మాయ పడినాక పొత్తికడుపు గట్టిపడేదాకా రుద్దమను. పో."

అతను పోయాడు. తడిక మీద నోరుపెట్టి ఆ మాటలన్నీ చెప్పాడు. ఆదిశేషమ్మ మొదటిసారి ఎదురు చెప్పలేదు. అరగంట అతను అక్కడే నిలబడ్డాడు.

"మాయ పడింది. నెత్తురు తగ్గింది. నీ చెల్లెలు నీళ్ళడగతా ఉంది."

"చూసినావా, ముడులు విప్పబట్టే," అంది నాగులమ్మ.

"నర్సమ్మ కొట్టుకోని పోయిందమ్మా."

"పడవలోనే గదా ఉండేది."

ఆ మాటకు గంగాధరం తల్లిని ఎన్నటికీ క్షమించలేదు.

గట్టు వెంట పరుగెత్తితే, మైలు దూరాన జమ్ముగడ్డిలో ఇరుక్కుని ఉంది పడవ. సామ్రాజ్యం నిలబడే ఉంది.

"నెత్తురు?"

"ఆగింది. ఆడపిల్ల."

అప్పుడు కూర్చుంది. గంగాధరం దగ్గరికి రాబోతే, "రావొద్దు, ఇప్పుడు ఇంట్లో పసిబిడ్డ ఉండాది," అని చెయ్యి అడ్డం పెట్టింది. అతను తాడు అందుకుని గట్టెక్కి లాగడం మొదలుపెట్టాడు.

"గాలి అనుకూలంగా ఉంది గదా. తెరచాప ఎత్తరాదా?"

"ఎత్తాలంటే పడవలోకి రావాలి. రావొద్దన్నది మీరే."

"ఆస్పత్రి దాకా లాగతావా?"

"మీరుంటే ఎంతదూరమైనా లాగతా. నన్ను చేసుకుంటారా?"

ఆమె ముక్కు మీది గుడ్డ సరిచేసుకుంది.

"మా నాయన ఒప్పుకోడు," అంది సామ్రాజ్యం.

"చేపలోళ్ళమనా?"

"అవును. ఎప్పటికీ ఒప్పుకోడు."

గంగాధరం నడక ఆగింది. తాడు వదులైంది.

"ఆగినావెందుకు? నాకు ఉద్యోగముంది, నోరుంది. పదకొండోనాడు బిడ్డకు పురుడు గదా. అప్పటికి జ్వరం తగ్గుద్ది, వస్తా. మీ అమ్మ ముందర అడుగు."

"ఏమని?"

"ఇప్పుడడిగిందే. ఇంకొంచెం గట్టిగా."