గులాబీ మడిలో గుంతలు

లిఫ్టు పాడైతే 'మరమ్మతులో ఉంది' అని బోర్డు పెడతారు. కొన్నాళ్లకి ఆ బోర్డే ఊడిపోయి దానికి మరమ్మతు చేస్తారు గానీ లిఫ్టు సంగతి ఎవరూ చూడరు. డిటెక్టివ్‌గారి ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. అందుకే ఆయన క్లయింట్లు కింద ఎంత భయంతో బయల్దేరినా, పైకి చేరేసరికి ఆయాసం తప్ప ఏమీ మిగలదు.

ఆ రోజు వచ్చిన స్కూలు టీచరు మాత్రం తన కోపాన్ని మెట్లన్నీ జాగ్రత్తగా మోసుకొచ్చింది. కూర్చోకుండానే విషయం చెప్పింది. వాళ్ల కుక్క గులాబీ మడిని తవ్విపోస్తోందట. మావగారు మిరప్పొడి చల్లారు, నారింజ తొక్కలు పరిచారు, చివరికి కుక్కని ఎదురుగా కూర్చోబెట్టి క్రమశిక్షణ గురించి మాట్లాడారు. అది అంతా శ్రద్ధగా విని, తోకాడించి, వెళ్లి మళ్లీ తవ్వింది. రేపు పొద్దున దాన్ని ఊరి బయట ఒక గోడౌన్‌కి కాపలాకి ఇచ్చేస్తున్నారు.

"గొలుసేసి కట్టేస్తారండీ వాణ్ని. ఉరిమితే మంచం కింద దూరేవాడు కాపలా ఏం కాస్తాడు? వాడంతట వాడు తవ్వడు. ఎవరో తవ్విస్తున్నారు. నా అనుమానం పక్కింటాయన మీద."

పక్కింటాయన కూడా గులాబీలు పెంచుతాడు. పోయినేడు కాలనీ పూలపోటీలో కప్పు మావగారికి దక్కింది. చప్పట్లు కొట్టే అవకాశం పక్కింటాయనకి దక్కింది.

డిటెక్టివ్ లేచాడు. అసిస్టెంటు అప్పటికే చెప్పులేసుకుంది. ఆమె ఆయన అన్న కూతురు. బాబాయ్ తుమ్మినా అందులో ఏదో తర్కం ఉంటుందని ఆమె నమ్మకం.

కుక్క పేరు మేనేజరు. ఆ ఇంట్లో ఎవరూ ఆ ఉద్యోగం దాకా వెళ్లలేదు గనక మావగారు ఆ ముచ్చట కుక్కతో తీర్చుకున్నారు. ఇప్పుడు ఆయనే పెరట్లో నిలబడి మేనేజరుని తిడుతున్నారు. తిడుతున్నంతసేపూ అది ఆయన వేళ్లు ఒక్కొక్కటీ నాకుతోంది. రోజూ అన్నం పెట్టే కోడలు చెయ్యి చాపితే మాత్రం వాసన చూసి ఊరుకుంది.

పెరట్లో పక్కపక్కనే రెండు మడులు. చామంతి మడిలో మట్టి పిండిలా గుల్లగా ఉంది. అందులో గోరు గీత కూడా లేదు. ముళ్లూ మిరప్పొడీ ఉన్న గులాబీ మడి నిండా గుంతలే. మూలనున్న షెడ్డులో పార, నీళ్ల గొట్టం, ఒక మొహం పౌడరు డబ్బా ఉన్నాయి. ఇంట్లో పౌడరు ఎవరు రాసుకుంటారని డిటెక్టివ్ టీచరుగారి అత్తగారిని అడిగాడు. ఎవరూ రాసుకోరని, ఆయనైతే పెళ్లినాడు కూడా రాసుకోలేదని ఆవిడ చెప్పింది.

గోడవతల పక్కింటాయన ఒక గులాబీ మొక్క ముందు వంగి, "చాలా బాగున్నావమ్మా" అంటున్నాడు. అడిగితే విసుక్కుంటూ చెప్పాడు. కప్పు తీసుకున్న రోజున మావగారు మైకు వదలకుండా, తన మొక్కలకి ఎరువన్నదే వెయ్యననీ, నీళ్లూ మంచిమాటా చాలనీ ఉపన్యాసం ఇచ్చారట. అప్పట్నించీ వీధివీధంతా మొక్కలతో మాట్లాడుతోంది.

డిటెక్టివ్ అందర్నీ పెరట్లోకి పిలిచాడు.

"మేనేజరుకి తవ్వడం సరదా అయితే మెత్తటి చామంతి మడే తవ్వేవాడు," అన్నాడు. "కళ్లు మండినా గులాబీల దగ్గరికే వెళ్తున్నాడంటే అక్కడ మట్టిలో ఏదో ఉంది. అదే ఒకరి వేళ్లకి కూడా ఉంది."

పౌడరు డబ్బా తెచ్చి నేలమీద పెట్టాడు. మేనేజరు పరుగున వచ్చి దాని ముందు బుద్ధిగా కూర్చున్నాడు.

"ఇందులో ఉన్నది ఎముకల పొడి. గులాబీలకి మంచి ఎరువు. కుక్కకి మాత్రం అది, లోపల బొమికలున్నాయి రమ్మని పిలుపు. మైకులో ఎరువు వద్దన్న పెద్దమనిషి, ఎరువు సంచీ షెడ్డులో పెట్టుకోలేరు కదా."

అసిస్టెంటు బాబాయ్‌ని చూసి పొంగిపోయింది. మావగారు మాత్రం తన పౌడరు డబ్బా ముట్టుకోమని ఎవరు చెప్పారని నిలదీశారు.

"ఏడాదిగా మాట్లాడుతున్నానండీ మొక్కలతో," అన్నాడు పక్కింటాయన. "మా ఆవిడతో కూడా ఎన్నడూ అంత మాట్లాడలేదు."

కోడలు గొంతు పెంచలేదు. "ఎందుకు తవ్వుతున్నాడో మీకు తెలుసు మావయ్యగారూ. తెలిసే వాణ్ని పంపించేద్దామనుకున్నారు."

మేనేజరు వచ్చి మళ్లీ మావగారి వేళ్లు నాకడం మొదలెట్టాడు. ఆయన చెయ్యి లాక్కోలేదు. ఎవరివంకా చూడకుండా, "గోడౌనువాడికి రావద్దని చెప్పండి" అన్నారు.

డిటెక్టివ్ సలహా మీద ఎముకల పొడి మానేశారు. పెరటి మూల ఇసక పోయించి, అందులో మేనేజరు బంతీ, మావగారి పాత చెప్పూ పాతిపెట్టారు. వాడిప్పుడు అక్కడే తవ్వుకుంటాడు.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ మైకు లేకుండానే ఎముకల పొడి సంగతి వీధంతా పాకింది. ఇప్పుడు ఇంటింటా అదే వేస్తున్నారు. నేనూ ఆ వీధి చివరింట్లోనే ఉంటాను. మా ఇంట్లో కూడా వేశారు, ఎవరన్నది అప్రస్తుతం. మేనేజరు రోజూ ఇసకలో పని ముగించుకుని మా పెరట్లోకి వస్తున్నాడు. ఫిర్యాదు చేస్తే, వాడు నిర్దోషని డిటెక్టివే తేల్చాడు కదా అంటున్నారు. మిరప్పొడి చల్లాను, తుమ్మి తవ్వాడు. క్రమశిక్షణ గురించి చెప్పాను, నా వేళ్లు నాకాడు. అయ్యా, అమ్మా, మీలో ఎవరికైనా ఉపాయం తెలిస్తే దయచేసి చెప్పండి. ఎరువు మానెయ్యమని మాత్రం అనకండి. ఈసారి కప్పు మాకే వచ్చేలా ఉంది.