ఏడో పోర్టు: డార్మంట్

తహసీన్ వాకిట్లో పీట మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ప్రొద్దుటూరులో ఆ వీధివాళ్లకు ఆమె నగల డిజైన్లు గీసే అమ్మాయి. నిజానికి విద్యుత్ కేంద్రాల కంప్యూటర్లను కాపాడే రహస్య విభాగంలో ఏజెంట్. లోపల అద్దం ముందు జడ వేసుకుంటున్న పుష్పావతి ఆమెకు పై అధికారి. పని నేర్పిన మనిషి కూడా.

గేటు దగ్గర తమలపాకుల గంప దిగింది.

"చెన్నూరు ఆకులు పాపా. లేతవి."

"సున్నం కూడా ఉండాదా?"

"సున్నం మైదుకూరులోనే అయిపాయె."

సంకేత వాక్యం సరిపోయింది. గంప తెచ్చింది విభాగం చీఫ్ జియావుల్లా. పెట్టుడు గడ్డం ఒక పక్కకు ఒరిగింది. వేరే రోజైతే తహసీన్ నవ్వేదే. కానీ ఆయన కళ్లు చూసి ఊరుకుంది.

ఆకులు ఏరుతున్నట్టు వంగి ఆయన బ్రీఫింగ్ ఇచ్చాడు. పులివెందులలో డ్రిప్ పైపుల షాపు నడుపుతున్న విదేశీ ముఠా, జమ్మలమడుగు సోలార్ కేంద్రానికి పోయే కేబుల్‌లో చొరబడింది. మనుషులు పట్టుబడ్డారు, వాళ్లు పెట్టిన యంత్రం మాత్రం దొరకలేదు. అది టైమర్ మీద నడుస్తోంది. ఇంకాసేపట్లో ఎండ నడినెత్తికొచ్చి కేంద్రం పూర్తి లోడ్ మీద ఉన్నప్పుడు 'అంతా ఆపు' అనే ఆర్డర్ పంపుతుంది. మూడు ఊళ్లలో కరెంటు పోతుంది. ఆసుపత్రుల్లో ఆపరేషన్ బల్లల మీద ఉన్నవాళ్లకు కూడా.

"ఏ పోర్టులోంచి మామా?"

"ఏడు."

గింజ తీస్తున్న చెయ్యి ఆగింది. కేంద్రం కంప్యూటర్‌లోకి కేబుల్ వచ్చే ద్వారాల్లో ఏడోది, ఏడో పోర్టు, డార్మంట్. అంటే తీగ తగిలించే ఉంటుంది, కానీ అవతలివాడు తానెవరో రుజువు చేసుకునేదాకా లోపలికి రానివ్వని స్థితి. ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో, ఆ కోడ్ పైన, చదివేవాళ్ల కోసం రాసే వివరణ, అంటే కామెంట్, స్పష్టంగా ఉంది: 'ఈ స్థితిలో పరికరం దేన్నీ స్వీకరించదు. కాపలా అవసరం లేదు.'

"దాంట్లో ఏమీ రాదు గదా మామా."

"అట్లని రాసుండారు. కింద కోడ్ చదువు. పంపేది ఆపుతాది, తీసుకునేది ఆపదు. ఆ రాత నమ్మి ఆడ కాపలానే పెట్టలేదు."

"రాసింది..."

"పుష్పావతి. సరిచూసినానని పేరు పెట్టింది నువ్వు."

తహసీన్‌కు ఆ పొద్దు గుర్తొచ్చింది. విభాగంలో కోడ్ ఒక్క అక్షరం మారినా రెండు బృందాలు పరీక్షిస్తాయి. పైనున్న వివరణ మారితే ఎవరూ పట్టించుకోరు. పుష్పావతి వేడి వేడి బొరుగుల ఉగ్గాని గిన్నె ముందు పెట్టి, కామెంటే గదమ్మా, కోడ్ ముట్టుకోలే అంది. తహసీన్ ఆ మాట విని, తింటూనే పేరు పెట్టేసింది. చదివేవాళ్లు కోడ్ దాకా పోరు, పైన రాసిందే చూస్తారు, అందుకే నిజం రాయాల అని నేర్పిందీ ఆ అక్కే.

ఆ వివరణను రద్దు చేసే అధికారం ఇద్దరికే ఉంది. రాసినవాళ్లకు, సరిచూసినవాళ్లకు.

తహసీన్ చెవి కమ్మలోని రాయి నొక్కింది. జమ్మలమడుగు కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ శివ పలికాడు. ఏడో పోర్టు డౌన్ చెయ్యమంది, అంటే పూర్తిగా మూసెయ్యమంది. డార్మంట్‌ను ముట్టుకోవద్దని రూలు అన్నాడతను.

"దీని కింద నీ పేరే ఉండాది గదక్కా."

"ఉండాది. చదవకుండా పెట్టినా. ఆ రాత అబద్ధం శివా."

"అట్లయితే ఇప్పుడు నీ మాట ఎట్లా నమ్మేదక్కా?"

"నా మాట కూడా నమ్మొద్దు. రిసీవ్ అంకె చూడు, లోపలికొచ్చేదాన్ని లెక్కబెట్టేది. నిలబడిందా, పెరుగుతాందా?"

"...పెరుగుతాందక్కా."

"డౌన్ చెయ్."

ఇంట్లో ఫ్యాన్ నెమ్మదించింది. రెక్కలు ఒక్కొక్కటీ విడిగా కనిపించాయి. చీఫ్ చేతిలో ఆకులు నలిగిపోయాయి. అంతలో ఫ్యాన్ ఒకసారి మూలిగి మళ్లీ వేగం అందుకుంది.

"అయిపాయక్కా. ఆర్డర్ సగం లోపలికొచ్చినాక తెగింది," అన్నాడు శివ.

తహసీన్ తల తిప్పింది. గడప దగ్గర పుష్పావతి నిలబడి ఉంది. పట్టుచీర, వజ్రపు ముక్కుపుడక, చేతిలో ప్రయాణానికి సర్దిన బ్యాగు. ఆమె ముందుగా ఫ్యాన్ వైపే చూసింది. తర్వాతే తహసీన్ వైపు.

ఎంతకు అమ్ముడుపోయావని గానీ, ఎవరికని గానీ తహసీన్ అడగలేదు. అవి అడగడానికి విభాగం వాళ్లు వీధి మలుపులో జీపుతో ఉన్నారు. ఆమెకు తెలియాల్సింది ఒక్కటే.

"అక్కా, ఆ పొద్దు ఉగ్గాని నాకోసరమే చేసినావా, లేక నాతో పేరు పెట్టించుకునేదానికా?"

పుష్పావతి బ్యాగు గోడకు ఆనించి, వాకిట్లో పరిచిన చింతపండు తొక్కకుండా పక్కగా నడిచి, చెప్పులు వేసుకుంది. చీఫ్ గంప ఎత్తుకుని ఆమె వెనకే నడిచాడు.

విభాగం మొత్తంలో వివరణలు రాయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. గేటు దాటేటప్పుడు మాత్రం ఒక్క ముక్కా చెప్పకుండా వెళ్లిపోయింది.