గాజు పళ్లెంలో గెలిచిన వేరు

పొద్దున్నే ప్రయోగశాలకు బయలుదేరబోతుంటే తెల్లకోటు గుండీ ఊడింది. దర్జీ ఇంట్లో గుండీలకు కరువా అనుకుంటూ కూతురు తండ్రి కుట్టుమిషను సొరుగు లాగింది. గుండీల డబ్బాలో పది మాత్రలు కనిపించాయి. తండ్రి కాలి పుండుకు డాక్టరు రాసినవే.

అసలే షుగరున్న మనిషి. పుండు ముదిరితే బొటనవేలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. మిషను తొక్కే కాలు అది.

"నాన్నా, మాత్రలు ఎందుకు మానేశావు?"

తండ్రి కత్తెర ఆపలేదు. "వేసుకుంటున్నాలేమ్మా."

"ఐదు రోజులవి డబ్బాలోనే ఉన్నాయి. కట్టు విప్పు."

కట్టు కింద గోధుమరంగు ముద్ద. పరిశోధనకు తెచ్చినవాటిలో మిగిలితే ఆమె అటకమీద పెట్టిన ఔషధ మొక్క వేర్లు నూరిన ముద్ద అది. ముద్ద తుడిస్తే బొటనవేలు ఎర్రగా వాచి, వేడిగా ఉంది.

"నూరింది నేనే," అంది తల్లి, గుమ్మంలో నిలబడి. "ఆయన అంతగా అడిగితే కాదనలేకపోయాను."

"నువ్వే కదమ్మా ఫోటో చూపించావు," అన్నాడు తండ్రి. "గాజు పళ్లెంలో మందు పెట్టినచోట క్రిములన్నీ చచ్చాయన్నావు. నాలుగేళ్ల కష్టం నీది. దాంతో మొదట నయమయ్యేవాణ్ణి నేనే కావాలనుకున్నాను."

కూతురికి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఆ పళ్లెంలో ఫినాయిలు పోసినా చస్తాయి నాన్నా. కాలికి ఫినాయిలు రాసుకుంటావా? బస్తాడు వేర్లు నానబెట్టి, వడగట్టి, విడదీస్తే చిటికెడు పొడి వచ్చింది. అది మనిషికి మంచిదో చెడ్డదో ఇంకా ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు."

ఫోటో చూపించిన రోజు ఈ ఒక్క ముక్కా తను చెప్పలేదు. ఆయన మొహంలో సంతోషం చూసి చెప్పబుద్ధి కాలేదు.

ఆస్పత్రిలో డాక్టరు పుండు కడుగుతూ చెడామడా తిట్టాడు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట. ఇంకో రెండు రోజులు ఆగుంటే వేలు దక్కేది కాదు."

బయట బల్లమీద ముగ్గురూ కూర్చున్నారు.

"తప్పు నాదే నాన్నా."

"నీ మందు రావడానికి ఎన్నేళ్లు పడుతుంది?"

"పదేళ్లు. అసలు రాకపోనూవచ్చు."

తండ్రి మాత్ర మింగి, భార్య అందించిన నీళ్లు తాగాడు. "రాకపోయినా నువ్వు నా కూతురివే. తెలిసింది చెప్పినట్టే తెలియనిదీ చెప్పు తల్లీ. తట్టుకుంటాం."

కూతురు ఆయన భుజంమీద తల ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చింది.