అయస్కాంతానికి అంటని కత్తి

"ఆ రేకుని తుక్కులో పారేసింది మీరు. దాన్ని కొన్న మనిషిని నెత్తిన పెట్టుకుంది మీరు. బేడీలు మాత్రం మా అక్కకి!"

ఏజెంట్ గొంతు పెంచలేదు. పెంచడానికి లోపల ఏమీ మిగల్లేదు. పొద్దున అక్కని కొలిమి దగ్గర్నుంచి లాక్కెళ్లారని విన్నప్పటినుంచీ చేతులు తనవి కానట్టే ఉన్నాయి. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని 'సుత్తి' అంటారు. అడిగినదానికి మించి ఒక్క మాట మాట్లాడడని వెటకారం. ఇవాళ మాట్లాడుతున్నాడు.

చీఫ్ ఏసీ తగ్గించాడు. "కూర్చో. అది సబ్‌మెరైన్ కోసం ల్యాబ్ తయారుచేసిన ఉక్కు. సముద్రంలో ఇనుముని పసిగట్టి పేలే ఏ మందుపాతరా దాన్ని గుర్తుపట్టలేదు. దాని ముక్క బయటికి పోయింది."

"పోలేదు. స్టోర్ ఖాళీ చెయ్యాలని మీరే గేటు బయట పడేయించారు."

"సరే, పొరపాటు. కానీ ఆ ముక్కని మీ అక్క వేటకత్తిగా మార్చింది. అది దేశద్రోహం."

"లారీ కమాను పట్టీ తెచ్చినా, విరిగిన రంపం తెచ్చినా అక్క కత్తే చేస్తుంది. ఆవిడ పనే అది. ముక్క తెచ్చిందెవరు?"

తెచ్చింది మేడమ్ అని చీఫ్‌కీ తెలుసు. హస్తకళల ఎగుమతి వ్యాపారం, ఖరీదైన సెంటు, కోడ్ నేమ్ 'నెమలి'. విదేశీ ముఠా గుట్టు మనకి మోస్తోందని చీఫ్ మురిసిపోయే డబుల్ ఏజెంట్. మన గుట్టే వాళ్లకి మోస్తోందని క్యాంటీన్‌లో కప్పులు కడిగేవాడికి కూడా అనుమానం.

"ఆవిడ వేటకత్తుల పెట్టె మధ్యాహ్నం కార్గో ఫ్లైట్‌లో పోతోంది. ఆ కత్తి అందులోనే ఉంది," అన్నాడు సుత్తి.

"పెట్టె మొత్తం ఆపమంటే కుదరదు. పర్మిట్ ఉన్న సరుకు. ఆ ఒక్క కత్తీ ఆవిడ పెట్టెలోంచి తీసి చూపించు, మీ అక్కని వదుల్తా. తప్పు కత్తి పట్టుకున్నావో, నువ్వూ లోపలికే."

లాకప్‌లో అక్క గోడకి ఆనుకుని కూర్చుంది. గోళ్లలో ఇంకా మసే.

"ఏరా, తిన్నావా?"

"లేదక్కా. ఆ కత్తిని ఎలా గుర్తుపట్టాలి?"

"చూస్తే తెలీదురా. అన్నీ అద్దంలా మెరవాలని ఆవిడ నా ప్రాణం తోడేసింది. కానీ అది వట్టి మొండి ముక్క. ఎంత కాల్చి నూనెలో ముంచినా గట్టిపడదే! పదును నిలవదమ్మా, కత్తికి పనికిరాదు అన్నా. పరవాలేదు చెయ్యి అని నవ్వింది. తెగని కత్తి ఎవరు కొంటార్రా?"

"కత్తి అక్కర్లేనివాళ్లు."

"ఇంకోటి. ఉక్కు బాగా కాలితే అయస్కాంతం పట్టదు కదా, అది చూసే నూనెలో ముంచుతాం. ఇదైతే చల్లగా ఉన్నప్పుడే పట్టలేదు. పుట్టుకతోనే పెడసరం, అచ్చం నీలాగే."

అతనికి నవ్వు రావాలి. రాలేదు.

టెక్నికల్ సెక్షన్ ఇచ్చిన పెన్ కెమెరా, వాచీ ట్రాన్స్‌మిటర్ డ్రాయర్‌లో పడేశాడు. కొలిమి దగ్గర తీగకి వేలాడే, పాత స్పీకర్‌లోంచి ఊడదీసిన అయస్కాంతం జేబులో వేసుకున్నాడు. మందపాటి కాన్వాస్ కోటు, అతికించిన మీసం. లోడర్ వేషం.

కార్గో షెడ్ దగ్గర కాటా గుమాస్తా మన మనిషే. గుర్తుమాట అడిగాడు, "వానొచ్చేట్టుందా?"

"గొడుగు అమ్మేశా."

"అయితే పరిగెత్తు. పెట్టె ట్రాలీ ఎక్కేసింది."

విమానం ఇంజన్లు మొదలయ్యాయి. కదుల్తున్న ట్రాలీ మీదకి దూకి మూత పెకలించాడు. వరసగా కత్తులు, ఒకే పోత పోసినట్టు. అయస్కాంతం ఆనించాడు. టక్. పక్కది, టక్. పీకి ఇంకోదానికి, టక్. ట్రాలీ విమానం నీడలోకొచ్చింది. అడుగు వరసలో ఒకటి ఉలకలేదు, పలకలేదు.

అతను అందుకునేలోపు గాజుల చెయ్యి దాన్ని లాక్కుంది. సెంటు వాసన.

"మీసం బాగాలేదు సుత్తీ," అంది మేడమ్. లోపలికి తుపాకీ రానివ్వరు కాబట్టి చేతిలో ఉన్నదాన్నే ఎత్తి, బలమంతా పెట్టి అతని భుజం మీద వేసింది.

కత్తి కోటు మీద జారింది. అంచు మడతపడింది. గుడ్డ కూడా తెగలేదు.

మేడమ్ కత్తి వైపు చూసింది, అతని వైపు చూసింది.

"పనికిరాదని అక్క ముందే చెప్పిందిగా," అని ఆమె మణికట్టు పట్టుకున్నాడు. విమానం పెట్టె లేకుండానే ఎగిరింది.

భుజం కమిలింది. నొప్పి మాత్రం ఇంకా తెలియలేదు.

కత్తిని చీఫ్ టేబుల్ మీద పెట్టాడు, పక్కన అయస్కాంతం. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోలేదు.

"శభాష్!" అన్నాడు చీఫ్. "మెడల్‌కి రాస్తా. మీ అక్క సంగతి రేపు కమిటీలో..."

"రేపు కాదు. కమిటీ కాదు. ఇప్పుడే లేచి, మీ చేత్తో ఆ తాళం తియ్యండి. ఉక్కు పారేసింది ఎవరో, నెమలిని మేపింది ఎవరో పత్రికలవాళ్ల ముందు మీ నోటితో చెప్పండి. అక్క చేతులకున్న బేడీలు మాత్రం తుక్కులో వెయ్యకండి సార్. మీకు సరిపోతాయి."