పొద్దున ఆరూ పదికి అడిగే ప్రశ్న

కంప్యూటర్ భద్రత శిక్షణ ఆఖరి వారంలో చిన్నమ్మాయి చేయవలసిన పనులు ఇవి. రిపోర్టు నంబరులో ఒక అంకె మార్చి అడిగితే పక్కవాళ్ళ రిపోర్టు రాకుండా చూడడం. కోడ్‌లో రాసిపెట్టిన పాస్‌వర్డులు తీసేయడం. ల్యాబ్ సర్వీసును ఎవరు, ఎప్పుడు, ఏం అడిగారో నమోదయ్యే లాగ్ మొత్తం చదవడం. ఉద్యోగంలో లేనివాళ్ళ కీలు, అంటే సర్వీసు లోపలికి రానిచ్చే రహస్య సంకేతాలు, మూసేయడం. వచ్చేటప్పుడు అమ్మకు మోకాలి పట్టీ కొనడం.

"ఆ చివరిది మర్చిపోతావు చూడు," అంది తల్లి, టీ గిన్నె దించుతూ. "మిషన్లకు తాళాలు వేయడం నేర్చుకుంటోంది గానీ, మొన్న వంటింటి తలుపు బార్లా తీసి పోయింది మహాతల్లి."

"ఈసారి వేస్తాలే అమ్మా."

"మీరైనా చెప్పండి దానికి!"

తండ్రి ఏమీ చెప్పలేదు. ఆయన లిఫ్ట్ మెకానిక్. ముప్ఫై ఏళ్ళుగా లిఫ్టుల చప్పుడు వినీ వినీ మాటలు తగ్గించుకున్నాడని ఇంట్లో వేళాకోళం ఉండేది. పెద్దమ్మాయి పోయాక ఆ వేళాకోళం ఎవరూ చేయలేదు. పద్నాలుగు నెలల క్రితం జ్వరంతో ఆస్పత్రికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళింది. నాలుగు రోజులే. ఆ నాలుగు రోజుల్లో గానీ, ఆ తరువాత గానీ ఆయన ఏడవగా భార్య చూడలేదు. ఆ సంగతి ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆ ఇంట్లో మొదట డిగ్రీ చదివింది పెద్దమ్మాయే. రక్తపరీక్షల ల్యాబ్‌కు రిపోర్టులు ఆన్‌లైన్లో చూపే వెబ్ సర్వీసు కట్టిందీ ఆమే. ఆమె పోయాక ఆ కుర్చీలో చెల్లెల్ని కూర్చోబెట్టి, ల్యాబ్ వాళ్ళే ఈ శిక్షణకు పంపారు. ఎవరి పని వాళ్ళు తెచ్చుకుని, తమ సర్వీసులోని తప్పులు తామే వెతుక్కోవాలి.

ఆ రోజు లాగ్ చదువుతుంటే చిన్నమ్మాయి ఒక వరుస దగ్గర ఆగిపోయింది. పొద్దున ఆరూ పది. అక్క కీ. ముందురోజూ ఆరూ పదే. అంతకు ముందురోజూ అంతే. పేజీ తరువాత పేజీ వెనక్కి జరిపింది. ఒక్క రోజు కూడా తప్పలేదు.

ట్రైనర్ మేడం భుజం మీదుగా తొంగిచూసింది. "ఎవరమ్మా ఈవిడ? ఇంత క్రమం తప్పకుండా వస్తోంది?"

"మా అక్కండీ. లేదు."

"సెలవులో ఉందా?"

"లేదండీ. చనిపోయింది."

మేడం కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "మరి ఆ కీ ఎందుకు మూయలేదు?" అని మెల్లగా అడిగింది.

అక్క కుర్చీలో కూర్చున్న మొదటి రోజే చిన్నమ్మాయికి ఆ పని అప్పగించారు. ఆ పేరు పక్కన 'తొలగించు' అని నొక్కడానికి వేలు రాలేదు. రేపు, ఎల్లుండి అంటూ ఏడాది దాటించింది.

ఆ కీ అడిగేది ఒక్కటే ప్రశ్న. సర్వీసు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక మిషను ఇంకో మిషనును 'ఉన్నావా?' అని అడిగే చిన్న ప్రశ్న. అందరికీ 'ఓకే' అని జవాబు పోతుంది. ఈ కీకి మాత్రం అక్క వేరే జవాబు రాసి పెట్టింది: "ఉన్నా నాన్నా. నువ్వు తిన్నావా?"

ఆ గదిలో అక్క మాట్లాడినట్టే అయింది.

"ఇంకా కిందికి చూడు," అంది మేడం. కిందటి మంగళవారం మధ్యాహ్నం మూడింటికి అదే కీ మీద ఎవరో పంతొమ్మిది మంది రోగుల రిపోర్టులు తెరిచారు. తెరిచిన చోటు నాన్న పనిచేసే లిఫ్ట్ కంపెనీ వర్క్‌షాపు.

మర్నాడు పొద్దున ఆరూ పదికి చిన్నమ్మాయి వరండాలోకి వెళ్ళింది. తండ్రి ఫోనును ముఖానికి దగ్గరగా పట్టుకుని కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి. "తిన్నానమ్మా," అంటున్నాడు.

"నాన్నా."

ఆయన ఉలిక్కిపడి ఫోను ఒళ్ళో బోర్లించాడు.

"నాకు తెలుసు నాన్నా. ఎలా వచ్చింది నీకిది?"

"మీ అక్కే ఇచ్చింది. ఆఫీసులో ఉంటే ఫోన్ ఎత్తదు కదా, నేను కంగారు పడతానని. ఇది నొక్కు, జవాబు వస్తే నేను బాగున్నట్టే నాన్నా, అంది." ఆయన ఫోను తిప్పి చూపించాడు. "నొక్కితే ఇప్పటికీ చెబుతోంది."

తండ్రికి పాస్‌వర్డు కొట్టే శ్రమ ఎందుకని, ఆమె తన కీని ఆ లింకులోనే ఇమిడ్చి ఇచ్చింది. పని నేర్చిన వాళ్ళెవరూ చేయకూడని తప్పు అది.

"దాన్ని మూసేయాలి నాన్నా. ఇవాళే."

"మూస్తావా?" ఆయన లేచి నిలబడ్డాడు. "ఒకసారి తీసుకుపోయారు చాలదా? నేనెవరి సొమ్ము తిన్నాను? రోజుకొక్క మాట. ఆ ఒక్క మాట కూడా నీకు బరువైందా?"

"ఎవరితో అండీ ఆ మాట?" తల్లి గుమ్మంలో ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. "పద్నాలుగు నెలలుగా దాని పేరు నా ముందు ఎత్తలేదు మీరు. మీ గుండె రాయి అనుకున్నాను. మీకు రోజూ పలుకుతోందా అది? నాకు చెప్పొద్దూ? నేను కన్నాను కదండీ దాన్ని!"

ఆయన తల దించుకున్నాడు.

చిన్నమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. "నాన్నా, కిందటి వారం ఈ లింకు ఇంకెక్కడైనా తెరిచావా?"

"సోమవారం ఫోన్ పాడైతే పొద్దున ఆరింటికే వర్క్‌షాపుకు పోయి అక్కడి కంప్యూటర్లో చూశా. అందరం వాడేదే. ఏం?"

"అది అందులోనే ఉండిపోయింది. మర్నాడు ఎవరో దాన్ని పట్టుకుని లోపల వెతికారు. పంతొమ్మిది మంది జబ్బులు చదివారు. అందులో మీ వర్క్‌షాపు వాళ్ళు ఒకరున్నారు."

"వెల్డరు," అన్నాడు తండ్రి. "వారం నుంచి వాడి టీ గ్లాసు విడిగా పెడుతున్నారు. వాడి పక్కన ఎవరూ కూర్చోవట్లేదు. ఏంట్రా అంటే ఎవడూ చెప్పడు. నిన్న వాడు ఒక్కడే గోడవైపు తిరిగి తిన్నాడు." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నా వల్లేనా అమ్మా?"

"నీ ఒక్కడి వల్ల కాదు నాన్నా. నేను మూయలేదు. అక్క అలా ఇవ్వకూడదు. ముగ్గురం చేశాం."

ఆయన ఫోను భార్య వైపు చాచాడు. "మూసెయ్. మీ అమ్మను ఒక్కసారి చూడనిచ్చి మూసెయ్."

తల్లి తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది. నొక్కింది. చదివింది. ఫోను చిన్నమ్మాయి చేతిలో పెట్టింది. చిన్నమ్మాయి కళ్ళు తుడుచుకోకుండానే ఆ కీని తొలగించింది.

ఆ రోజే తండ్రి వెల్డరు ఎదుట చేతులు కట్టుకుని నిలబడి జరిగింది చెప్పాడు. వెల్డరు అరవలేదు. "మా ఇంట్లో కూడా తెలియదన్నా," అన్నాడంతే. ఆ మాట అరుపు కంటే ఘోరంగా తగిలింది. పంతొమ్మిది మందికీ ల్యాబ్ నుంచి క్షమాపణ ఉత్తరాలు రాసింది చిన్నమ్మాయి. ల్యాబ్‌కు ఇచ్చిన నివేదికలో, జరిగిన తప్పు ఎవరిది అనే గడిలో అక్క పేరు పక్కన తన పేరు కూడా రాసింది.

సాయంత్రం ఫోను బల్ల మీద పడి ఉంది. తల్లే పలకరించింది. "మీ దగ్గర ఇంకా ఏమైనా దాచారా? అదీ చెప్పండి."

"పెద్దదానికి లిఫ్ట్ అంటే భయం," అన్నాడు తండ్రి.

"ఏంటీ?"

"చచ్చేంత భయం. లిఫ్ట్ మెకానిక్ కూతురికి! నా పరువు పోతుందని ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ల్యాబ్ ఆరో అంతస్తు కదా, రోజూ మెట్లెక్కేది. అందుకే పావుగంట ముందు బయలుదేరేది."

"నేను దాన్ని ఎంత శ్రద్ధగల పిల్లో అనుకున్నాను!" అని నవ్వబోయి తల్లి బావురుమంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, పద్నాలుగు నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చాడు. చిన్నమ్మాయి వాళ్ళిద్దరి మధ్య నేల మీద కూర్చుని, "ఇంకా చెప్పు నాన్నా," అంది.

మీరెప్పుడైనా ఒక పెద్ద భవనంలో లిఫ్ట్ కోసం నిలబడితే, పక్కనున్న మెట్ల వైపు ఒక్కసారి చూడండి. నాన్న పరువు కోసం ఆరంతస్తులూ రొప్పుతూ ఎక్కిన ఆ పిల్లను గుర్తుంచుకోండి.