పన్నెండు బొమ్మలూ, ఒక మిల్లు దారం

"సాయంత్రం అయిదుకి షిప్ కదులుతుంది. ఒక పెయింటింగ్ అందులో ఎక్కకూడదు," అన్నాడు చీఫ్ గణపతిరావు. విజయనగరంలో జిరాక్స్ షాపు మేడ మీద ఆయన రహస్య ఆఫీసు.

ఏజెంట్ హరిచరణ్ ఫైలు తెరిచాడు. విశాఖ సందుల్లో పుట్టుకొచ్చిన చిన్న ఆర్ట్ గ్యాలరీల్లో ఒకదాని నుంచి, జలాంతర్గామి ప్లాన్లున్న మెమరీ కార్డు విదేశీ ముఠాకి చేరబోతోంది. గ్యాలరీ ఏదో తెలియదు. లోపల మన డబుల్ ఏజెంట్ యమున ఉంటుంది కానీ, ఆమె బయటికి కబురు పంపే వీల్లేదు.

గడ్డం అంటించుకుని, ఢిల్లీ ఆర్ట్ డీలర్ వేషంలో హరిచరణ్ సందులన్నీ తిరిగాడు. ఒక గ్యాలరీ కారు షెడ్డులో, ఇంకొకటి పళ్ళ డాక్టరు మేడ మీద. తీరికుంటే గంటసేపు నిలబడి చూడాల్సిన బొమ్మలు! మూడోది టైలర్ షాపు వెనక. నల్ల చీరలో మెరిసిపోతూ యమున ఎదురొచ్చింది.

"ఎరుపు ఎక్కువైంది," అన్నాడు.

"నీలం తక్కువైంది," అంది కోడ్ ప్రకారం. గొంతు తగ్గించింది. "పొందూరు ఖద్దరు మీద వేసిన పన్నెండు బొమ్మలూ ముఠా తరఫున అదిగో, ఆ కోటు పెద్దమనిషే కొన్నాడు. కార్డు ఎందులో ఉందో నాకూ తెలీదు."

మూలన, ప్రదర్శన కోసం పిలిపించిన ముసలమ్మ రాట్నం తిప్పుతోంది. హరిచరణ్ గుర్తుపట్టాడు. జగ్గమ్మ. తన తల్లి! కాలేజీ రోజుల నుంచీ, మా అమ్మ టీచరని చెప్పుకుంటున్నాడు.

"అచ్చం మీ పోలికే. మీవాళ్ళా?" యమున అడిగింది.

నిజం చెప్పినా మిషన్‌కి నష్టం లేదు. యమున మన మనిషే. "ఛ, ఎవరో పల్లెటూరి మనిషి," అన్నాడు.

రాట్నం ఒక్క క్షణం ఆగింది. సిగ్గుతో అతను బొమ్మల వైపు తిరిగాడు.

వాచీలోని మెటల్ స్కానర్ నొక్కాడు. ఫ్రేములన్నిటికీ మేకులే కదా, పన్నెండింటికీ కుయ్యిమంది. బయట లారీ స్టార్టయింది. కూలీలు చివరి బొమ్మని తన ముందునించి మోసుకుపోతుంటే జగ్గమ్మ అలవాటుగా దాని అంచు తడిమింది.

"ఓలమ్మో! అన్నిటికీ నా నూలుతోనే అంచు కుట్టినాను. ఇది మిల్లు దారం!"

కోటు మనిషి చెయ్యి జేబులోకి పోయింది. పిస్టల్ పూర్తిగా బయటికి రాకముందే హరిచరణ్ అతని మణికట్టు విరిచాడు. యమున అంచు చింపింది. కార్డు నేల మీద పడింది.

ముఠా మనిషిని జీపెక్కించాక హరిచరణ్ గడ్డం పీకేసి తల్లి దగ్గరికెళ్ళాడు. "అమ్మా..."

"గెడ్డం ఎట్టుకుంటే పోల్చుకోలేననుకున్నావేటి?" జగ్గమ్మ నూలు చుట్టుకుంటూనే అంది. "గవర్నమెంటు డూటీ గాబట్టే గదా నన్నెరగనన్నావు? ఔనని సెప్పు, నాయినా."

యమున తల తిప్పుకుంది.

ఎన్ని చిత్రహింసలు పెట్టినా హరిచరణ్ చేత నోరు విప్పించలేరని డిపార్ట్‌మెంట్‌లో పేరు. ఆ సాయంత్రం కూడా ఆ పేరు నిలబెట్టుకున్నాడు.