ఆఖరి వరుస దాకా

"ఒక గోడ తీసేయండి మేడమ్."

గిరీశ్ ఆ మాట అనగానే రంజనికి ఒళ్ళు మండింది. అసలే ఆళ్లగడ్డ రాతి శిల్పాల ఊరు. ఇక్కడ చెక్కతో కట్టడమేందని పొద్దున్నుంచి వచ్చినవాళ్ళంతా ఎకసెక్కాలాడారు. నాటక సమాజం వాళ్ళ ఆరుబయలు రంగస్థలం పక్కన రిహార్సల్ హాలు డిజైన్ చెయ్యడం ఆర్కిటెక్ట్‌గా ఆమెకు తొలి పని. ఇప్పుడు నంద్యాల నుంచి కలప తేవాల్సిన ఈ టింబర్ డిపో అబ్బాయి కూడా మొదలుపెట్టాడు.

"చెక్క అమ్ముకునేటోళ్ళు ఇంకో గోడ కట్టమంటారు గానీ, ఉన్నది తీసేయమంటారా? సరుకు లేదా ఏందీ?"

"సరుకుకేం? ఎంత టేకు కావాలన్నా దించుతా. జనం కూచునే మెట్ల వైపు గోడ మాత్రం వద్దు."

"ఎందుకు?"

"వద్దంతే."

"కారణం చెప్పలేనోళ్ళు సలహాలు ఇయ్యకూడదు," అని డ్రాయింగు చుట్టేసింది. ఆ నాలుగు గోడలంటే ఆమెకు ప్రాణం. లోపల పాడిన పాట పలకలకు తగిలి, తియ్యగా చెవికి చేరేట్టు ఎన్నో రోజులు కూర్చుని గీసుకుంది.

కోపంలో ఆమె ముక్కుపుటాలు అదిరాయి. గిరీశ్ అది చూశాడు. చూడకుండా ఉంటే నిద్రైనా పట్టేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

వారం తిరక్కుండానే కలప లారీ వచ్చింది, దాని వెనకే వాన. ఇద్దరూ ఒకే టార్పాలిన్ కింద ఇరుక్కున్నారు.

"ఇప్పుడన్నా చెప్పు. ఆ గోడ నిన్నేం చేసింది?"

గిరీశ్ వాన వైపే చూస్తూ చెప్పాడు. "నేను నాటకాల్లో పద్యాలు పాడేటోన్ని. ప్రాక్టీసంతా మా డిపో గోడౌన్లో. ఆడ పాడితే గోడలకు తగిలి తిరిగొచ్చే నా గొంతు నాకే ముద్దొచ్చేది. రాజు వేషం కట్టి ఈ స్టేజీ ఎక్కి రాగం తీస్తే ఏదీ తిరిగి రాలా. గోడల్లేవు కదా! గొంతు యాడికి పోయిందో తెలీలా. బెదిరిపోయి పద్యం మధ్యలోనే ఆపేసినా. ఆ పొద్దు నుంచీ గొంతెత్తాలంటే భయం."

రంజని నవ్వలేదు. తను గీసింది బయలులో పాడబోయేవాళ్ళకు పనికొచ్చే హాలు కాదని, వాళ్ళను మురిపించి మోసం చేసే గది అని ఆమెకు అర్థమైంది. మనసు చివుక్కుమంది.

మర్నాడే ఆ గోడ తీసేసి మడత తలుపులు గీసింది. వానొస్తే మూసుకోవచ్చు. తెరిస్తే ఎదురుగా మెట్లు, ఆపైన ఆకాశం. సమాజం అధ్యక్షుడు రామానుజం ఆమె తండ్రే. అహోబిలం గుళ్ళో పారాయణం చేసే మనిషి.

"మొదటిదే బాగుండె కదమ్మా?"

"బాగుండె నాయనా. పనికిరాదు."

హాలు పైకి లేచేకొద్దీ ఇద్దరికీ కలుసుకునే సాకులు కరువయ్యాయి. బిగించిన తలుపునే మళ్ళీ బిగించడానికి గిరీశ్ నంద్యాల నుంచి బస్సెక్కి వచ్చేవాడు. ఆమె రోజూ అదే తలుపుకు కొత్త వంక పెట్టేది. మనసులో మాట మాత్రం అతని గొంతు దాటలేదు.

పని పూర్తయిన సాయంత్రం రంజని తలుపులన్నీ తెరిచి, గిరీశ్‌ని లోపల నిలబెట్టి, తను పోయి మెట్ల మీద ఆఖరి వరుసలో కూర్చుంది.

"పాడు! నువ్వడిగిన హాలే కదా!"

పద్యం గుర్తు రాలేదు. అంత దూరాన చిన్నగా కనిపిస్తున్న ఆ మనిషి తప్ప అతని బుర్రలో ఇంకేం లేదు.

"రంజనీ, నువ్వంటే నాకిష్టం."

ఆమె చెవుల దాకా ఎర్రబడింది. అయినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఇనపళ్ళా!"

"నువ్వంటే ఇష్టమంటాండా!"

"గాలికి పోతాంది! కడుపులోంచి రానీ!"

గిరీశ్ గుండెల నిండా గాలి పీల్చాడు.

"నిన్ను పెళ్ళి చేసుకోవాలని ఉండాదీ!"

ఆ దీర్ఘం స్టేజీ దాటి, మెట్లెక్కి, ఆమెను కూడా దాటిపోయింది. ఏదీ తిరిగి రాలేదు. ఈసారి అతనికి భయం వెయ్యలేదు.

వెనక గేటు దగ్గర్నుంచి రామానుజం గొంతు వినిపించింది. "నాకు రోడ్డు మీదికే ఇనపడిందప్పా! దానికి చెవుడేమన్నా వచ్చిందేమో కనుక్కో!"

రంజని గతుక్కుమని లేచి నిలబడింది. "నాయనా, అదీ..."

"నాకెందుకు చెప్తాండావ్? ఆ పిల్లోనికి చెప్పు. ఆడిదాకా ఇనపడాల."

ఆయన పెదాల చాటున నవ్వు దాగలేదు. రంజనికి కళ్ళు చెమ్మగిల్లాయి. హాలు వైపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"నాకూ ఇష్టమే!"

లోపల్నుంచి గిరీశ్ రెండు చేతులూ పైకెత్తాడు.

"వన్స్ మోర్!"